‘నేను గే’ అని పిల్లలు చెప్పాక: అమ్మానాన్నల ‘వద్దు’లో ఏమేం ఉంటాయి?

కొడుకు ‘నేను గే’ అని చెప్పిన రాత్రి అమ్మానాన్నల నోట వచ్చే మొదటి మాట చాలా ఇళ్లలో మంచిమాట కాదు. ‘ఏటిరా, ఏటంటున్నావ్?’ అని ఒకరు, ‘ఎవరు నేర్పారు నీకిది?’ అని ఇంకొకరు. కొందరు అసలేమీ అనరు. లేచి వెళ్లి, గేటుకి తాళం వేసిందో లేదో చూసుకుని పడుకుంటారు. ఆ మాటనో ఆ మౌనాన్నో పట్టుకుని ‘మావాళ్లు నన్ను వదిలేసుకున్నారు’ అని పిల్లలు తేల్చేసుకుంటారు. అటు పెద్దవాళ్లు ‘వీడు మన చెయ్యి దాటిపోయాడు’ అనుకుంటారు. రెండూ తొందరపాటే.

విశాఖలో ఇలాంటి ఇళ్లు కొన్నింటిని దగ్గరగా చూశాను. చూసినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఏమిటంటే, ఆ ‘వద్దు’ ఒక్క మాటలా వినిపించినా అందులో నాలుగైదు వేర్వేరు భయాలు కలిసి ఉంటాయి. కొన్ని విషయం తెలియక వచ్చినవి. వాటికి సరైన సమాచారం చాలు. కొన్ని చుట్టాల గురించి. అక్కడ ఎంత వాదించినా లాభం లేదు, టైమ్ పడుతుంది. ఒకటి మాత్రం భయం కూడా కాదు, దుఃఖం. దేనికి ఏ జవాబో చూసుకోకుండా అన్నింటికీ కలిపి ‘మీరు పాతకాలం మనుషులు’ అనేస్తే మాట అక్కడితో ఆగిపోతుంది.

జబ్బు అన్న భయంతో మొదలుపెడదాం, ఎందుకంటే అన్నిట్లోకీ తేలిగ్గా తేలేది అదే. పోర్టులోనో, డాక్‌యార్డులోనో, స్టీల్‌ప్లాంట్‌లోనో ముప్ఫై ఏళ్లు పనిచేసిన నాన్నకు, ఏ సమస్యకైనా చూసే మనిషి ఒకరు ఉంటారన్న నమ్మకం ఉంటుంది. అందుకే చాలామంది మొదట అడిగేది ‘ఏ డాక్టరుకి చూపించాలి?’ అని. వినడానికి కష్టంగా ఉన్నా ఆ ప్రశ్న ప్రేమతో అడిగిందే. జవాబు మాత్రం స్పష్టంగా ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణను మానసిక రోగాల జాబితా నుంచి 1973లో తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. మన దేశంలో సైకియాట్రిస్టుల సంఘమైన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఇది జబ్బు కాదని 2018లో ప్రకటించింది. జబ్బు కానిదానికి మందు ఉండదు.

అయినా ‘మార్చేస్తాం’ అనేవాళ్లు ఉన్నారు. కౌన్సెలింగ్ అంటారు, హార్మోన్లు అంటారు, షాక్ ట్రీట్‌మెంట్ అంటారు. పిల్లాణ్ని బాగుచేసుకోవాలన్న ఆరాటంలో ఉన్న తల్లిదండ్రులు ఎంత డబ్బయినా పెడతారు. దాంతో పిల్లాడి ఇష్టం మారదు. ఇంట్లోవాళ్ల మీద నమ్మకం పోతుంది, కొందరికి బతుకు మీద ఆశే పోతుంది. మద్రాస్ హైకోర్టు 2021 జూన్‌లో ఒక కేసులో, ఇలా వైద్యం పేరుతో మార్చే ప్రయత్నాలు చేయకూడదని ఆదేశించింది. ఆ తర్వాత 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ ఇలాంటి ‘మార్పిడి చికిత్స’ చేయడం డాక్టరు వృత్తిపరంగా చేసిన తప్పు కిందికి వస్తుందని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు తెలియజేసింది. అంటే మారుస్తానన్న డాక్టరు మీదే ఫిర్యాదు చేయవచ్చు.

అలాగని డాక్టరు దగ్గరికి అసలు వెళ్లొద్దని కాదు. అబ్బాయికి నిద్ర పట్టకపోతే, టెన్షన్‌తో తిండి మానేస్తే, చచ్చిపోవాలనిపిస్తే వెంటనే చూపించాలి. చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరెత్తితేనే మన ఊళ్లో జనం జంకుతారు గానీ, లైంగికత కారణంగా ఎవరికీ వైద్యంలో వివక్ష చూపకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ ఆస్పత్రులకు స్పష్టంగా చెప్పింది. ఇంట్లోంచి కదలలేకపోతే 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు కట్టక్కర్లేదు. ఆ ఫోన్ అమ్మానాన్నలూ చేయవచ్చు, వాళ్లకూ నిద్ర ఉండదు కదా. ఏ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లినా ముందుగా ‘మా వాణ్ని మార్చగలరా?’ అని అడిగి చూడండి. ‘మారుస్తాను’ అన్నారంటే లేచి వచ్చేయండి. ‘మార్చేది ఏమీ లేదు, కానీ మీ అందరితో మాట్లాడతాను’ అన్నవాళ్ల దగ్గర కూర్చోండి.

గాలి సోకిందనో, ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారనో తిరిగేవాళ్లూ ఉన్నారు. తాయెత్తు కట్టించుకుంటే అమ్మ మనసు కుదుటపడుతుందంటే కట్టించుకోండి, దానివల్ల పోయేదేమీ లేదు. గదిలో పెట్టి కొట్టడం, పొగ పెట్టడం లాంటివి ఎవరు చేసినా ఒప్పుకోవద్దు.

జబ్బు కాదని నమ్మాక కూడా అమ్మను ఒక ప్రశ్న వదలదు. ‘నా పెంపకంలో ఎక్కడ పొరపాటు జరిగింది?’ గాజువాక వైపు ఉండే ఒకావిడ సంగతి చెప్తాను. కొడుకు ఆవిడ ఒక్కదానికే చెప్పి బెంగళూరు వెళ్లిపోయాడు. ఆవిడ భర్తకు చెప్పలేదు. మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు బీరువాలోంచి పాత ఆల్బమ్‌లు తీసి ఒక్కో ఫోటో చూసేవారట. చివరికి ఒక ఫోటో దగ్గర ఆగారు. సింహాచలంలో పుట్టు వెంట్రుకలు తీయించడానికి ముందు, పిల్లాడికి గౌను తొడిగి, కాటుక పెట్టి, పూలజడ వేయించి, జడ కనిపించేలా అద్దం ముందు నిలబెట్టి స్టూడియోలో తీయించిన ఫోటో. ‘ముచ్చటపడి వేశానమ్మా. అందువల్లేనా?’ అని అడిగారు. అలాంటి ఫోటో తెలుగిళ్లలో ఎందరు మగపిల్లలకు ఉందో ఆవిడకూ తెలుసు. ఆవిడ ఇంటి ఎదురింటాయనకీ ఉంది, ఆయనకిప్పుడు ఇద్దరు పిల్లలు. కానీ అపరాధ భావానికి లెక్కలు అక్కర్లేదు, ఒక ఫోటో దొరికితే చాలు.

ఎందువల్ల ఇలా పుడతారు అనేదానికి సైన్స్ దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. 2019లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో దాదాపు 4 లక్షల 77 వేల మంది జన్యు సమాచారం పరిశీలించారు. దీన్ని నిర్ణయించే ఒకే ఒక జన్యువు అంటూ లేదని, చాలా జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు, వాటితోపాటు ఇతర కారణాలు కలిసి ఉంటాయని తేలింది. గారాబం చేయడం వల్లనో, నాన్న కఠినంగా ఉండటం వల్లనో, హాస్టల్‌లో వేయడం వల్లనో పిల్లలు గే అవుతారనడానికి మాత్రం ఆధారం లేదు. ఈ మాట అమ్మకు ఒక్కసారి చెబితే చాలదు. నాన్నకు తెలిసిన రోజు ఆయన ముందు తిరిగేది భార్య మీదికే. ‘నీ గారాబమే వాణ్ని పాడుచేసింది’ అంటారు. అమ్మకు మాత్రమే చెప్పి, ‘నాన్నకు చెప్పకు’ అని మాట తీసుకుని రైలెక్కే పిల్లలు ఈ సంగతి ఆలోచించాలి. ఆవిడకు మనసు విప్పడానికి చెల్లో, అక్కో, స్నేహితురాలో ఇంకొక్క మనిషైనా ఉండాలి. ఆ మనిషి ఎవరో ఆవిడనే ఎంచుకోనివ్వాలి.

ఇక అసలు ముడి పెళ్లి దగ్గర ఉంది.

మన ఇళ్లలో పెళ్లి పిల్లాడి సొంత విషయం కాదు, అమ్మానాన్నల బాధ్యత. ‘పిల్లల పెళ్లిళ్లు చేసేస్తే మా బాధ్యత తీరిపోతుంది’ అని ముప్ఫై ఏళ్లుగా అనుకుంటూ పీఎఫ్ డబ్బు దాచిన మనిషికి ‘నేను గే’ అన్న మాట ఇంకోలా వినిపిస్తుంది. నీ బాధ్యత ఎప్పటికీ తీరదు అని. పిల్లాడు తన గురించి చెప్పాననుకుంటాడు. నాన్న తన జీవితం సగంలో ఆగిపోయిందని వింటాడు. అందుకే ఎన్ని ఆర్టికల్స్ ఫార్వర్డ్ చేసినా ఆయన చదవడు. ఆయన అడిగిన ప్రశ్న వాటిల్లో లేదు.

దానికి మేనరికం తోడైతే ఇంకా కష్టం. అత్త కూతురినో, మావయ్య కూతురినో చిన్నప్పటి నుంచీ అనుకుని ఉంటారు. అబ్బాయి కాదంటే ఆ అమ్మాయి సంబంధం ఒక్కటే పోదు, అన్నాచెల్లెళ్ల మధ్య రాకపోకలు తెగుతాయి. ఆ పైన చెల్లి పెళ్లి. ‘నీ సంగతి బయటికి తెలిస్తే దానికి సంబంధాలు ఎలా వస్తాయిరా?’ అంటారు. ఇది బెదిరింపులా అనిపిస్తుంది గానీ వాళ్ల భయం అబద్ధం కాదు. సంబంధం మాట్లాడేటప్పుడు అటువాళ్లు నాలుగు వైపులా ఎంక్వయిరీ చేస్తారు, మద్దిలపాలెంలో మాట సాయంత్రానికి పెందుర్తి చేరుతుంది. అందుకని చెల్లి పెళ్లి అయ్యేదాకా చుట్టాలకు చెప్పనని అబ్బాయి ఒప్పుకుంటే అది పిరికితనం అని నేననను. కాకపోతే అది వాడు తనంతట తాను తీసుకున్న నిర్ణయం అయి ఉండాలి. ‘చెప్పావంటే ఇంట్లోకి రాకు’ అన్న షరతు మీద ఒప్పించింది కాకూడదు. చెల్లిని కూడా అడగాలి. చాలా ఇళ్లలో అన్నకు మొదట అండగా నిలిచేది ఆ చెల్లే.

ఈ దశలోనే అనకాపల్లి నుంచో విజయనగరం నుంచో మావయ్య వస్తాడు. ‘ఇవన్నీ కుర్రతనం, పెళ్లి చేసేయండి బావా, అదే సర్దుకుంటుంది’ అంటాడు. సలహాలన్నిట్లోకీ ఇదే ప్రమాదకరమైంది, ఎందుకంటే వినడానికి ఇదే తేలిక. పెళ్లిళ్ల పేరయ్య దగ్గరికి బయోడేటా వెళ్తుంది, వారంలో నాలుగు జాతకాలు వస్తాయి. ఇక్కడ నేను మధ్యస్థంగా మాట్లాడలేను. ఆ పెళ్లి పీటల మీద ఇంకో ఇంటి ఆడపిల్ల కూర్చుంటుంది. ఏడాది తిరిగేలోగా తన అందంలోనో, తన ఒంట్లోనో లోపం ఉందనుకుని కుమిలిపోయేది ఆ అమ్మాయి. ‘పిల్లలింకా లేరా?’ అన్న ప్రశ్న ఎదురయ్యేదీ ఆ అమ్మాయికే. మన పిల్లాడు బాగుపడతాడేమో అన్న ఆశతో పరాయి పిల్ల జీవితాన్ని పణంగా పెట్టే హక్కు ఏ తల్లిదండ్రులకూ లేదు. చట్టపరంగా కూడా, ముఖ్యమైన సంగతి దాచి మోసంతో ఒప్పించారని తేలితే హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పెళ్లి రద్దు చేయమని ఆమె కోర్టును అడగవచ్చు. మోసం బయటపడిన ఏడాదిలోగా ఆ కేసు వేయాలి. పరువు కోసం చేసిన పెళ్లి కోర్టు మెట్లెక్కితే పరువు ఏపాటి మిగులుతుందో మావయ్యనే అడగండి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ‘పోలీసులు పట్టుకుంటారేమో’ అన్న భయం గురించీ చెప్పాలి. ఒకప్పుడు ఆ భయానికి ఆధారం ఉండేది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ స్వలింగ సంబంధాన్ని నేరం అనేది. ఢిల్లీ హైకోర్టు 2009లో ఇష్టపూర్వకంగా కలిసే పెద్దవాళ్లకు అది వర్తించదంది, సుప్రీంకోర్టు 2013లో ఆ తీర్పును కొట్టేసింది. చివరికి 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా ఇది నేరం కాదని తేల్చారు. ఆ శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 అసలు లేనే లేదు. పెళ్లి హక్కు మాత్రం రాలేదు. స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేమని, అది పార్లమెంటు చూసుకోవాల్సిన విషయమని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో చెప్పింది. ఇద్దరూ కలిసి పిల్లల్ని దత్తత తీసుకునే వీలూ లేదు. కాబట్టి ‘నేరం కాదు, పెళ్లి లేదు’ అన్నది ఇవాళ్టి పరిస్థితి. పిల్లలు కూడా ఇంట్లో ఇంతకు మించి చెప్పకూడదు. లేనిది ఉందంటే, తర్వాత ఉన్నది చెప్పినా నమ్మరు.

ఆడపిల్లల సంగతి వేరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే కొడుకు ఫోన్ పెట్టేసి తన గదికి వెళ్లిపోగలడు. కూతురు చెబితే ముందు ఫోన్ లాగేసుకుంటారు, తర్వాత ఉద్యోగం మాన్పిస్తారు, ఆ తర్వాత పెళ్లిచూపులు. ఇది ఎక్కడో దూరాన జరిగేది కాదు. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నంలోని తన ఇంట్లో నిర్బంధించాడని రెండో అమ్మాయి మన హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేసింది. 2024 డిసెంబర్‌లో కోర్టు, ఆమె మేజర్ అని, తన జీవితం గురించి తనే నిర్ణయించుకోగలదని చెప్పి ఆ ఇద్దరూ కలిసి ఉండవచ్చంది. తల్లిదండ్రులు జోక్యం చేసుకోకూడదని ఆదేశించింది. నర్సీపట్నం మనకు రెండు మూడు గంటల దూరం. పద్దెనిమిది నిండిన పిల్లల్ని ఇంట్లో బంధించడం తల్లిదండ్రుల హక్కు కాదన్న సంగతి ఇంకా చాలామందికి తెలియదు.

దేవుడి గురించి ఎక్కువ చెప్పను. శాస్త్రంలో ఏముంది, బైబిల్లో ఏముంది అన్న వాదనకు దిగితే రాత్రి తెల్లారిపోతుంది గానీ ఎవరి మనసూ మారదు. సింహాచలం అప్పన్న దగ్గరికి ఎప్పటిలాగే వెళ్లొచ్చిన కొడుకును చూస్తే అమ్మకు కలిగే ధైర్యం ఆ వాదన వల్ల రాదు.

మిగిలింది దుఃఖం. వాళ్లు ఊహించుకున్న కోడలు, మనవలు, సంక్రాంతికి నిండిన ఇల్లు పోయాయన్న దుఃఖం. దాన్ని ‘హోమోఫోబియా’ (గేలంటే ద్వేషం) అని పేరుపెట్టి పిలవడం అన్యాయం. ఏడవనివ్వాలి. పదిహేనేళ్లప్పుడు తెలిసి ఇరవై ఆరేళ్లకు నోరు విప్పినవాడు, అమ్మానాన్నల దగ్గర మాత్రం మర్నాడు పొద్దున్నే జవాబు ఆశిస్తాడు. పైన చెప్పిన మద్రాస్ హైకోర్టు కేసులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనకూ ఈ విషయం మీద సరైన అవగాహన లేదని ఒప్పుకుని, తీర్పు ఇచ్చే ముందు సైకాలజిస్ట్ దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. హైకోర్టు జడ్జికే టైమ్ కావలసి వచ్చింది.

కానీ టైమ్ తీసుకోవడం వేరు, హాని చేయడం వేరు. నెలల తరబడి మాట్లాడకపోవడం, ఏడవడం, ఒకే ప్రశ్న పదిసార్లు అడగడం, ఇవన్నీ టైమ్ కింద లెక్క. కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, సర్టిఫికెట్లు దాచేయడం, బలవంతంగా పెళ్లో వైద్యమో చేయించడం మాత్రం ఎంత బాధతో చేసినా హానే. అలాంటప్పుడు ఓపిక పట్టమని ఎవరికీ చెప్పను. 112కి ఫోన్ చేయండి. న్యాయ సహాయం కోసం 15100 ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. పద్దెనిమిది నిండనివాళ్లకు 1098. పరిస్థితి అంతదూరం వెళ్లే ఇల్లు అని ముందే తెలిస్తే, సొంత సంపాదన, తలదాచుకునే చోటు చూసుకునేదాకా చెప్పకండి. చెప్పకపోవడం మోసం కాదు.

చెప్పదలచుకున్నవాళ్లకు ఒక్క సూచన. పండక్కి వచ్చినప్పుడు చెబుదామనుకుంటారు చాలామంది, సెలవు దొరికేది అప్పుడే కాబట్టి. భోగి రోజు ఇంటినిండా చుట్టాలుంటే అమ్మ ఏడవడానికి కూడా ఇంట్లో ఒక గది దొరకదు. ఏమీ లేని మామూలు వారాంతం చూసుకుని, మర్నాడు కూడా ఇంట్లోనే ఉండేలా రండి. చెప్పేసి రాత్రి బస్సు ఎక్కేయకండి.

అమ్మానాన్నలకు కూడా తమలాంటివాళ్లు కావాలి. పిల్లలు ఎంత చెప్పినా వినని మాట ఇంకో తల్లి చెబితే వింటారు. ‘స్వీకార్, ది రెయిన్‌బో పేరెంట్స్’ అని మన దేశంలోనే ఇలాంటి తల్లిదండ్రుల బృందం ఉంది. 2023లో పెళ్లి కేసు నడుస్తున్నప్పుడు, మా పిల్లలకూ పెళ్లి హక్కు ఇవ్వండని నాలుగు వందల మందికి పైగా అమ్మానాన్నలు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు ‘ఏ డాక్టరుకి చూపించాలి’ అని అడిగినవాళ్లే అయి ఉంటారని నా నమ్మకం.

చుట్టాలకు ఏం చెప్పాలన్న టెన్షన్‌కి నిజానికి ఒక్క వాక్యం చాలు. ‘మా వాడికి పెళ్లి ఉద్దేశం లేదు, మేం బలవంతం చేయట్లేదు.’ ఇది అబద్ధం కాదు, అలాగని అంతా చెప్పేయడమూ కాదు. అమ్మా నాన్నా ఇద్దరూ ఇదే మాట, ఇదే స్థిరత్వంతో చెబితే చుట్టాల ఇళ్లలో మూడో పెళ్లికి వెళ్లేసరికి అడిగేవాళ్లు తగ్గిపోతారు.

చాలా ఇళ్లు చివరికి వచ్చి ఆగే చోటు ఒకటుంది. అబ్బాయి భాగస్వామి ‘ఫ్రెండ్’ పేరుతో ఇంటికి వస్తాడు, అమ్మ వడ్డిస్తుంది, నాన్న అతనితో క్రికెట్ మాట్లాడతాడు, అసలు మాట ఎవరూ ఎత్తరు. దీన్ని కొందరు పిల్లలు అవమానంగా తీసుకుంటారు. కొన్నాళ్లపాటు ఇది మంచి మజిలీయే అని నా అభిప్రాయం. అయితే అక్కడే ఆగిపోతే కాగితాల దగ్గర ఇబ్బంది వస్తుంది. ‘ముసలితనంలో నిన్నెవరు చూస్తారురా?’ అన్న నాన్న ప్రశ్నకు చట్టం ఇప్పటికి ఇచ్చే జవాబు సగమే. స్వలింగ భాగస్వాములు జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడమని కూడా కేంద్రం రాష్ట్రాలకు రాసింది. వారసత్వం మాత్రం దానంతట అదే రాదు, వీలునామా రాసుకోవాలి. స్వార్జితం ఎవరికైనా రాయవచ్చు. ఆ వీలునామా రాసేటప్పుడు నాన్నకు తెలిసే రాయండి, వీలైతే పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. రేపు కోర్టులో దాన్ని కాదనగలిగేది పరాయివాళ్లు కాదు, ఇంటివాళ్లే.